మైదానం వదిలి మైకు పట్టిన బిల్ మెక్‌లారెన్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

ఒంగోలు_మైకు

అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. పన్నెండేళ్లుగా మా చుట్టుపక్కల ఊళ్లలో సంక్రాంతి కబడ్డీ పోటీలకు, తిరునాళ్లలో ఎడ్ల బండలాగుడు పోటీలకు మైకు పట్టుకుంటున్నాను. అంతకు ముందు నేనూ కబడ్డీ ఆడినవాడినే. మోకాలు దెబ్బతిన్నాక ఆట వదిలేయాల్సి వచ్చింది. ఆటకు దూరంగా ఉండలేక మైకు దగ్గరికి చేరాను.

మొన్న దసరా పోటీల్లో ఒక కుర్రాడి పేరు మ్యాచ్ మొత్తం తప్పు చెప్పాను. జట్టు జాబితా పాతది ఇచ్చారు. బనియన్ మీద నంబరు చూసి ఆ జాబితాలో ఉన్న పేరే చదివేశాను. ఆ రోజు ఎక్కువ పాయింట్లు తెచ్చింది అతనే. మ్యాచ్ అయ్యాక వాళ్ల నాన్న నా దగ్గరికి వచ్చాడు. గొడవ పడలేదు. "పని మానుకుని వచ్చానయ్యా, మా వాడి పేరు మైకులో వినపడుద్దని" అన్నాడు. అంతే, వెళ్లిపోయాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పెద్ద కామెంటేటర్లు పేర్లు ఎలా గుర్తుపెట్టుకుంటారా అని వెతుకుతుంటే స్కాట్లాండ్ రగ్బీ కామెంటేటర్ బిల్ మెక్‌లారెన్ పేరు కనిపించింది. ఆయన కూడా ఆటగాడేనట, జబ్బు చేసి ఆట మానేశాడట. రగ్బీ నాకు అసలు తెలియదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఎడిన్‌బరో_తెలుగు

అన్నా, సరైన మనిషిని పట్టుకున్నారు. నేను ఇక్కడికి వచ్చి పదకొండేళ్లయింది. మా ఆఫీసులో యాభై దాటినవాళ్ల దగ్గర రగ్బీ మాట ఎత్తితే చాలు, పది నిమిషాల్లో బిల్ పేరు వస్తుంది. నాకు తెలిసింది రాస్తాను.

ఆయన 1923 అక్టోబరు 16న హాయిక్‌లో పుట్టాడు. ఇంగ్లండ్ సరిహద్దుకు దగ్గరలో టెవియట్ నది ఒడ్డున ఉన్న చిన్న పట్నం అది. ఉన్ని అల్లిక మిల్లులకూ రగ్బీకీ పేరున్న ఊరు. అక్కడి జట్టు ఆకుపచ్చ జెర్సీ వేసుకుంటుంది. ఆ ఊళ్లో పుట్టిన మగపిల్లాడికి ఆ జెర్సీ కలలో కూడా కనిపిస్తుందంటారు. బిల్ ఆ జెర్సీ వేసుకుని ఫ్లాంకర్ స్థానంలో ఆడాడు. మీ భాషలో చెప్పాలంటే అస్తమానం పట్టు పట్టే మనిషి. బంతి ఎక్కడుంటే అక్కడికి ముందుగా పరుగెత్తి అవతలివాడిని పడగొట్టాలి.

మధ్యలో యుద్ధం వచ్చింది. రాయల్ ఆర్టిలరీలో చేరి ఇటలీ వెళ్లాడు, మాంటె కాసినో పోరులో ఉన్నాడు. ముందుకు వెళ్లి శత్రువు ఎక్కడున్నాడో చూసి వెనక ఫిరంగుల వాళ్లకు చెప్పడం ఆయన పని. ఒకచోట చర్చి ఆవరణలో గుట్టగా పడి ఉన్న దాదాపు 1,500 శవాలను చూశాడట. అది జీవితాంతం ఆయన్ని వదల్లేదు. అప్పటికి ఇరవై ఏళ్ల కుర్రాడు.

తిరిగొచ్చాక మళ్లీ ఆట. 1947లో స్కాట్లాండ్ జట్టు ఎంపిక కోసం పెట్టిన ట్రయల్ మ్యాచ్‌లో ఆడాడు. దేశం జెర్సీ ఇక చేతికి అందినట్టే అనుకున్నారు. అప్పుడు క్షయ సోకింది.

తూర్పు లోథియన్‌లోని ఈస్ట్ ఫార్చ్యూన్ శానటోరియంలో, అంటే క్షయ రోగుల ఆసుపత్రిలో, 19 నెలలు ఉన్నాడు. స్ట్రెప్టోమైసిన్ అనే కొత్త మందును పరీక్షగా ఐదుగురు రోగులకు ఇస్తే అందులో ఈయన ఒకడు. బతికాడు. ఆట మాత్రం అయిపోయింది. దేశం తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

ఆ శానటోరియంలోనే రోగులు టేబుల్ టెన్నిస్ ఆడుకుంటుంటే ఆసుపత్రి రేడియోలో కామెంటరీ చెప్పేవాడట. మంచం దిగలేని మిగతా రోగులు వినేవాళ్లు. ఆయన గొంతు మొదట విన్నది వాళ్లే.

వెన్నెల_నెల్లూరు

చదువుతుంటే ఒళ్లు గగుర్పొడిచింది. నేను జర్నలిజం చదువుతున్నాను. ఒక సందేహం. ఆసుపత్రి నుంచి నేరుగా బీబీసీకి ఎలా వెళ్లాడు? మధ్యలో ఏం చేశాడు?

ఎడిన్‌బరో_తెలుగు

నేరుగా కాదమ్మా. ఊళ్లో హాయిక్ ఎక్స్‌ప్రెస్ అనే పత్రికలో చిన్న విలేఖరిగా పనిచేశాడు. అబర్డీన్‌లో వ్యాయామ విద్య చదివాడు. 1953లో బీబీసీ రేడియోలో మొదటి అంతర్జాతీయ మ్యాచ్, వేల్స్ మీద స్కాట్లాండ్. ఆయన జట్టు 12-0తో ఓడిపోయింది. 1959లో టీవీకి మారాడు. అక్కడి నుంచి 2002 దాకా ఆయనే.

ఇంకో సంగతి, ఆయన బడిపంతులు. హాయిక్ బడుల్లో వ్యాయామం మాస్టారుగా 1987 వరకు పనిచేశాడు. శనివారం లక్షలమంది టీవీలో ఆయన గొంతు వింటారు. సోమవారం పొద్దున విజిల్ వేసుకుని బడి మైదానంలో చిన్నపిల్లల దగ్గర ఉంటాడు. దాదాపు ముప్ఫై ఏళ్లు ఇలాగే నడిచింది.

డ్రిల్‌మాస్టారు

ఈ మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నేను ముప్ఫై ఒక్క సంవత్సరాలు జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైర్ అయ్యాను. ఆయన శిష్యుల వివరాలు ఎవరికైనా తెలుసా? మాస్టారి లెక్క అక్కడే తేలుతుంది.

ఎడిన్‌బరో_తెలుగు

తెలుసు సార్. జిమ్ రెన్విక్, కాలిన్ డీన్స్, టోనీ స్టాంగర్. ముగ్గురూ స్కాట్లాండ్‌కు ఆడారు. 1990 మార్చి 17న ఇక్కడి మర్రేఫీల్డ్ మైదానంలో ఇంగ్లండ్ మీద 13-7తో గెలిచి స్కాట్లాండ్ గ్రాండ్ స్లామ్ (ఆ ఏడాది పోటీలో అన్ని మ్యాచ్‌లూ గెలవడం) సాధించింది కదా, ఇక్కడ ఇప్పటికీ పండగలా చెప్పుకునే మ్యాచ్. అందులో స్కాట్లాండ్ చేసిన ఏకైక ట్రై (అవతలి గీత దాటి బంతిని నేలకు తాకించడం) స్టాంగర్‌దే. చిన్నప్పుడు బిల్ మాస్టారి దగ్గర బంతి పట్టడం నేర్చుకున్న పిల్లాడు.

డ్రిల్‌మాస్టారు

తాను వేసుకోలేకపోయిన జెర్సీని ముగ్గురు శిష్యులకు వేయించాడు. ఆయన నిద్ర ఎంత హాయిగా పట్టి ఉంటుందో నాకు తెలుసు.

ఊపిరి_డాక్టర్

క్షయ దగ్గర కొంచెం ఆగుదాం. నేను ఛాతీ వైద్యుడిని. ఇక్కడ చాలామందికి ఆ రోజుల తీవ్రత తెలియకపోవచ్చు.

1947 ప్రాంతంలో క్షయ వచ్చిందంటే మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు, మిగతాది దేవుడి దయ. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం కూడా ఆ ఆలోచనతో కట్టిందే. ఎత్తైన చోట, పొడి గాలిలో, పొడుగాటి వరండాల్లో మంచాలు. మా తాతగారి తమ్ముడు అక్కడ రెండేళ్లు ఉన్నారు. ఇంటికి రాలేదు.

స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో అమెరికాలో సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ కనిపెట్టాడు. యుద్ధం అయ్యాక బ్రిటన్‌కు చాలా తక్కువ మందు దొరికింది. అందుకే ఎవరికి ఇవ్వాలో చీటీ తీసినట్టు ఎంపిక చేసి, మిగతావాళ్లతో పోల్చి చూశారు. 1948లో అచ్చయిన ఆ పరీక్ష వైద్య పరిశోధన పద్ధతినే మార్చింది. ఒక్క మందే ఇస్తే కొన్ని నెలల్లో క్రిములు దానికి అలవాటుపడిపోతాయని కూడా అప్పుడే తెలిసింది. మొదట కోలుకుని తర్వాత మళ్లీ పడిపోయినవాళ్లు ఎందరో. బిల్ ఆ కాలపు మనిషి.

ఇంకొకటి. స్ట్రెప్టోమైసిన్‌కు చెవి నరాన్ని దెబ్బతీసే గుణం ఉంది. వినికిడి పోవచ్చు, ఒళ్లు తూలవచ్చు. తర్వాత యాభై ఏళ్లు చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని బతికిన మనిషికి ఆ మందు చెవులు వదిలిపెట్టింది. ఒక డాక్టరుగా నాకు అది తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే.

పాతరేడియో

డాక్టరు గారూ, స్ట్రెప్టోమైసిన్ మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారిది కాదా? చిన్నప్పుడు అలా విన్నాను.

ఊపిరి_డాక్టర్

కాదండి, చాలామంది ఇలాగే పొరబడతారు. సుబ్బారావు గారు లెడర్లీ సంస్థలో పరిశోధనకు పెద్దగా ఉన్నప్పుడు, ఆయన ఆధ్వర్యంలో వచ్చింది ఆరియోమైసిన్ అనే ఇంకో మందు. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల కలిసిపోతాయి. ఆయన గొప్పతనం ఆయనకు ఉంది, వాక్స్‌మన్‌ది తెచ్చి కలపక్కర్లేదు.

శానటోరియంల కాలం ముగియడంలో మన పక్క ఊరి పాత్ర కూడా ఉంది. 1956లో మద్రాసులో పెట్టిన క్షయ మందుల పరిశోధన కేంద్రం వాళ్లు ఇంటి దగ్గర మందు వాడినా శానటోరియంలో వాడినా ఫలితం దాదాపు ఒకటేనని చూపించారు. బిల్‌కు పదేళ్ల తర్వాత జబ్బు చేసి ఉంటే అన్ని నెలలు ఊరికి దూరంగా ఉండాల్సిన పని లేకపోయేదేమో.

ఒంగోలు_మైకు

డాక్టరు గారూ, ధన్యవాదాలు. ఇంత సంగతి ఉందని నాకు తెలియదు. ఇప్పుడు అసలు నాకు కావలసింది అడుగుతాను. ఆయన పేర్లు ఎలా గుర్తుపెట్టుకునేవాడు? రగ్బీలో ఎంతమంది ఉంటారు?

కోడిగుడ్డు_బంతి

ఇది నేను చెబుతాను. హైదరాబాద్‌లో కాలేజీ రోజుల్లో మూడేళ్లు రగ్బీ ఆడాను.

ఒక్కో జట్టుకు 15 మంది. ఎనభై నిమిషాలు. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో మాత్రమే. ముందుకు పోవాలంటే పరుగెత్తాలి లేదా తన్నాలి. బంతి చేతిలో ఉన్నవాడిని పట్టుకుని పడగొట్టవచ్చు. కబడ్డీ ఆడినవాడికి ఇది వెంటనే ఒంటపడుతుంది, మా జట్టులో సగం మంది కబడ్డీ నుంచి వచ్చినవాళ్లే. అవతలి గీత దాటి బంతిని నేలకు తాకిస్తే ట్రై. ఇప్పుడు దానికి 5 పాయింట్లు, బిల్ మొదలుపెట్టిన రోజుల్లో 3.

కామెంటేటర్‌కు కష్టం ఎక్కడంటే, ముప్ఫై మంది ఒకేసారి మైదానంలో ఉంటారు. అందులో పదహారు మంది ఒకరి మీద ఒకరు పడి ఒక కుప్ప అవుతారు. స్కాట్లాండ్‌లో చలికాలం వానకు పావుగంటలో అందరూ బురద. నంబరు కనపడదు. ఆ కుప్పలోంచి బంతి పట్టుకుని ఎవడు లేచాడో ఒక్క క్షణంలో చెప్పాలి.

బిల్ ముప్ఫై మందికీ ముప్ఫై చీటీలు చేసుకునేవాడు. పేకముక్కల్లా కలిపి ఒక్కొక్కటి తిప్పుతూ, ముక్క పడగానే పేరు చెప్పాలి. తడబడితే మళ్లీ కలపడం. కళ్లు ఆలోచించకుండా నోటికి అందించే దాకా అదే పని.

ఎడిన్‌బరో_తెలుగు

దానికి తోడు పెద్ద కాగితం. ఇక్కడ దాన్ని 'బిగ్ షీట్' అనే అంటారు. వెడల్పాటి కాగితం మీద రంగురంగుల సిరాలతో, చిన్న చిన్న అక్షరాలతో ఒక్కో ఆటగాడి చరిత్ర. ఎత్తు, బరువు, ఊరు, ఏ బడి, ఎన్ని మ్యాచ్‌లు, ఇంట్లో ఇంకెవరైనా ఆడారా. నేను వాటి ఫొటోలు చూశాను. పరీక్షకు చదివే పిల్లాడి పుస్తకంలా ఉంటాయి. అందులో చాలా భాగం ఎప్పుడూ గాలిలోకి వెళ్లలేదు. అయినా ప్రతి మ్యాచ్‌కు కొత్తగా రాసేవాడు.

మ్యాచ్‌కు ముందే జట్ల ప్రాక్టీసుకు వెళ్లి నిలబడేవాడు. ఎవరి నడక ఎలా ఉంది, ఎవరి జుట్టు ఎలా ఉంది, బంతి ఏ చేత్తో పట్టుకుంటాడు. కోడిగుడ్డు_బంతి అన్న చెప్పిన బురద సంగతికి ఇదే విరుగుడు. నంబరు మీద మట్టి పడుతుంది గానీ నడక మీద పడదు కదా.

ఆ ప్రాక్టీసుకు వెళ్లినప్పుడు జేబులో 'హాయిక్ బాల్స్' ఉండేవి. మన పిప్పరమెంటు బిళ్లల్లాంటి గుండ్రటి మిఠాయి, వాళ్ల ఊరి తయారీ. ఏ దేశం ఆటగాడికైనా ఇచ్చేవాడు. ప్రపంచ ప్రసిద్ధ ఆటగాళ్లు కూడా తాము పెద్దవాళ్లమయ్యామని అనుకున్నది బిల్ చేతి బిళ్ల అందుకున్న రోజేనని చెప్పుకుంటారు.

పాతరేడియో

ఫిరంగుల వాళ్లకు దూరం నుంచి చూసి చెప్పే పని చేశాడన్నారు. నాకు అదే తిరుగుతోంది మనసులో. అక్కడ తప్పు చెబితే మనుషులు చస్తారు. అలా చూడటం నేర్చుకున్న కళ్లు తర్వాత ఆటను చూశాయి. ఇది నా ఊహే.

బెజవాడ_ఈల

అందరూ మెచ్చుకుంటున్నారు గనుక నేను ఒక ఎదురు మాట చెబుతాను, ఏమీ అనుకోవద్దు. చీటీలు, కాగితాలు సరే. మన దగ్గర జనం మైకు ముందు కూర్చునేది ఊపు కోసం. ఒంగోలు అన్న లాంటివాళ్లు ప్రాసలతో, పద్యం లాంటి మాటలతో ఊపేస్తేనే ఆట రక్తి కడుతుంది. పేర్లు మాత్రమే చదివితే హాజరు పట్టీ అవుతుంది. ఈ బిల్ గారు చప్పగా చెప్పేవాడా మరి?

ఎడిన్‌బరో_తెలుగు

అస్సలు కాదు. ఆయన ఉపమానాలు ఇక్కడ సామెతల్లా తిరుగుతున్నాయి. వేల్స్ ఆటగాడు ఫిల్ బెన్నెట్ ఎవరికీ దొరికేవాడు కాదు. అతని సొంత మైదానం స్ట్రేడీ. 'ఈ కుర్రాడిని పట్టుకోగలిగితే ఒక కోరిక కోరుకోవచ్చని స్ట్రేడీలో చెప్పుకుంటారు' అన్నాడు బిల్. ఎవరైనా కుర్రాడు గెలిపించే ట్రై చేస్తే 'ఈ రాత్రి ఫలానా ఊరి వీధుల్లో డాన్సులే' అని ఆ కుర్రాడి ఊరి పేరు చెప్పేవాడు. గమనించండి, ఆ మాట చెప్పాలంటే ముందు ఆ కుర్రాడిది ఏ ఊరో తెలియాలి. కాగితం అందుకు.

బెజవాడ_ఈల

ఊరి పేరు సంగతి ఒప్పుకుంటున్నాను. ఊపు మాత్రం కావాలి, అది నా మాట.

వెన్నెల_నెల్లూరు

ఫిల్ బెన్నెట్ అనగానే గుర్తొచ్చింది. 1973లో వేల్స్ ఆటగాడు గారెత్ ఎడ్వర్డ్స్ చేసిన ట్రై వీడియో మా సార్ క్లాసులో చూపించారు. రగ్బీ చరిత్రలోనే గొప్ప ట్రై అన్నారు. ఆ కామెంటరీ బిల్ మెక్‌లారెన్‌దే కదా? అద్భుతంగా ఉంది.

కోడిగుడ్డు_బంతి

అది బిల్ గొంతు కాదు! చాలామంది ఇలాగే అనుకుంటారు. ఆ రోజు చెప్పాల్సింది బిల్లే, కానీ ఒంట్లో బాగాలేదు. ఆయన బదులు మైకు పట్టింది క్లిఫ్ మోర్గన్. అతని కథ కూడా రాస్తాను, ఈ చర్చకు సరిగ్గా సరిపోతుంది.

క్లిఫ్ మోర్గన్ 1930లో వేల్స్‌లో రోండా లోయలోని ట్రెబానోగ్‌లో పుట్టాడు. బొగ్గుగనుల లోయ అది. కార్డిఫ్ జట్టుకు ఫ్లైహాఫ్, అంటే 10వ నంబరు, ఆటను నడిపించే మనిషి. వేల్స్ తరఫున 1951 నుంచి 1958 దాకా 29 మ్యాచ్‌లు. 1953 డిసెంబరులో న్యూజిలాండ్‌ను 13-8తో ఓడించిన వేల్స్ జట్టులో ఉన్నాడు. ఆ తర్వాత ఇప్పటిదాకా వేల్స్ మళ్లీ న్యూజిలాండ్ మీద గెలవలేదు. 1955లో బ్రిటిష్ లయన్స్ (బ్రిటన్, ఐర్లండ్ ఆటగాళ్లు కలిసిన జట్టు)తో దక్షిణాఫ్రికా వెళ్లాడు. జొహానెస్‌బర్గ్ ఎల్లిస్ పార్కులో మొదటి టెస్టుకు దాదాపు 95,000 మంది జనం. లయన్స్ 23-22తో గెలిచింది, అందులో మోర్గన్ ట్రై ఒకటి.

ఆట మానేశాక బీబీసీ. టీవీలో 'ఎ క్వశ్చన్ ఆఫ్ స్పోర్ట్' క్విజ్‌లో మొదటి జట్టు కెప్టెన్లలో ఒకడు. 1972లో పక్షవాతం వచ్చింది. అప్పటికి వయసు నలభై దాటిందంతే. ఒక పక్క పడిపోయింది, మాట కూడా పోయింది. మళ్లీ మొదటి నుంచి మాట్లాడటం నేర్చుకున్నాడు.

1973 జనవరి 27, కార్డిఫ్ ఆర్మ్స్ పార్క్. బార్బేరియన్స్ (వేర్వేరు జట్ల ఆటగాళ్లను పిలిచి కట్టే జట్టు) మీద న్యూజిలాండ్. అంతకు ముందు ఏడాది మాట పడిపోయిన మనిషి మైకు ముందు కూర్చున్నాడు. మ్యాచ్ మొదలైన కొద్ది నిమిషాలకే ఫిల్ బెన్నెట్ తన గీత దగ్గర బంతి అందుకుని ఒకడి తర్వాత ఒకడిని తప్పించుకుంటూ బయటికి వచ్చాడు. అక్కడి నుంచి ఐదుగురి చేతులు మారి బార్బేరియన్స్ తరఫున ఆడుతున్న ఎడ్వర్డ్స్ దాకా. వీడియో మళ్లీ చూడండి. మోర్గన్ దాదాపు పేర్లు మాత్రమే చెబుతాడు. విలియమ్స్, పులిన్, డాస్, డేవిడ్, క్విన్నెల్. మధ్యలో 'బ్రిలియంట్' అన్న మాట. చివర్లో 'ఇతను గారెత్ ఎడ్వర్డ్స్' అని గొంతు పైకి లేస్తుంది.

బెజవాడ అన్నా, మీరు అడిగిన ఊపు ఇదే. వచ్చింది హాజరు పట్టీ నుంచే.

బెజవాడ_ఈల

ఇప్పుడే చూశాను. మూడుసార్లు. ఒప్పుకున్నాను తమ్ముడూ. పేర్లు పరుగెత్తుతున్నాయి.

వెన్నెల_నెల్లూరు

తప్పు దిద్దినందుకు ధన్యవాదాలు అన్నా. మోర్గన్ తర్వాత ఏమయ్యాడు?

కోడిగుడ్డు_బంతి

బీబీసీ టీవీలో అవుట్‌సైడ్ బ్రాడ్‌కాస్ట్స్ (స్టూడియో బయట నుంచి చేసే ప్రసారాలు) విభాగానికి అధిపతి అయ్యాడు, 1987 దాకా. రేడియోలో 'స్పోర్ట్ ఆన్ ఫోర్' అనే కార్యక్రమం చాలా ఏళ్లు నడిపాడు. చివరి రోజుల్లో గొంతు క్యాన్సర్. స్వరపేటిక తీసేశారు. మాట రెండోసారి పోయింది, ఈసారి తిరిగి రాలేదు. 2013 ఆగస్టులో ఐల్ ఆఫ్ వైట్‌లో చనిపోయాడు, 83 ఏళ్లు.

ఊపిరి_డాక్టర్

ఒకరికి ఊపిరితిత్తులు, ఇంకొకరికి మెదడు, ఆఖరుకు గొంతు. నాకు ఇంకేమీ రాయబుద్ధి కావడం లేదు ఈ పూటకి.

ఖరగ్‌పూర్_తెలుగు

ఆలస్యంగా వచ్చాను. ఈ చర్చలో మన దేశం ముక్క ఒకటి ఉంది, ఎవరూ చెప్పలేదు. మాది మూడు తరాలుగా ఖరగ్‌పూర్, రైల్వే కుటుంబం. కలకత్తా దగ్గరే గనుక నాకు ఈ కథ ఇష్టం.

ఇంగ్లండ్, స్కాట్లాండ్ ఏటా ఆడే మ్యాచ్‌లో గెలిచినవాళ్లకు ఇచ్చే కప్పు పేరు కలకత్తా కప్. 1872 క్రిస్మస్ రోజున కలకత్తాలో అక్కడి బ్రిటిష్ వాళ్లు రగ్బీ మ్యాచ్ ఆడారు. ఇంగ్లండ్ వాళ్లు ఒక జట్టు, స్కాట్లాండ్, ఐర్లండ్, వేల్స్ వాళ్లు కలిసి ఇంకో జట్టు. మరుసటి నెలే క్లబ్బు పెట్టుకున్నారు. కొన్నేళ్లకు మన ఎండకు ఆ ఆట నిలబడలేదు, జనం పోలో, టెన్నిస్ వైపు పోయారు. 1878లో క్లబ్బు మూసేస్తూ బ్యాంకులో మిగిలిన డబ్బును వెండి రూపాయలుగా తీసుకున్నారు. 270 రూపాయలు. వాటిని కరిగించి కప్పు చేయించారు. పిడులు మూడు నాగుపాములు, మూత మీద ఏనుగు. మన కంసాలుల పనితనం. 1879 నుంచి ఆ కప్పు కోసం ఆడుతున్నారు.

బిల్ మెక్‌లారెన్ ఎన్ని కలకత్తా కప్ మ్యాచ్‌లు చెప్పాడో! ప్రతిసారీ ఆయన నోట మన ఊరి పేరు.

ఎడిన్‌బరో_తెలుగు

ఆ కప్పు నేను దగ్గర నుంచి చూశాను సార్. పాముల పడగలు చూసి ఒక్కసారి గుళ్లో ఉన్నట్టు అనిపించింది.

మీరు అన్నందుకు ఇంకొకటి గుర్తొచ్చింది. బిల్ కూతురు లిండాను పెళ్లి చేసుకున్న అలన్ లాసన్ స్కాట్లాండ్ స్క్రమ్‌హాఫ్, కుప్పలోంచి వచ్చిన బంతిని తీసి అందించే ఆటగాడు. అంటే అల్లుడు ఆడుతుంటే మామగారు కామెంటరీ చెప్పాలి, అదీ ఇంగ్లండ్ మీద. అయినా ఆయన గొంతు ఒక వైపు ఒరిగిందని ఇంగ్లండ్ వాళ్లు కూడా అనరు. మనవడు రోరీ లాసన్ కూడా తర్వాత స్కాట్లాండ్ కెప్టెన్సీ చేశాడు.

ఒంగోలు_మైకు

అల్లుడు ఆడుతున్నా ఒరగలేదంటే గొప్పే. మా సొంత ఊరి జట్టు ఆడినప్పుడు నా గొంతు మారుతుంది. పక్క ఊరివాళ్లు నాతో రెండుసార్లు అన్నారు కూడా. ఇది నేను సరిచేసుకోవాలి.

ఆఖరి మ్యాచ్ ఎలా జరిగింది?

ఎడిన్‌బరో_తెలుగు

2002 ఏప్రిల్ 6, కార్డిఫ్. వేల్స్ మీద స్కాట్లాండ్. మొదలుపెట్టింది కూడా వేల్స్ మ్యాచ్‌తోనే కదా. ఈసారి స్కాట్లాండ్ 27-22తో గెలిచింది. స్టేడియం నిండా వేల్స్ జనం, వాళ్ల జట్టు ఓడిపోతోంది, అయినా బిల్ కోసం పాట పాడారు. ఒక వేల్స్ అభిమాని 'బిల్ మెక్‌లారెన్ మావాడే, వేల్స్ వాడే' అన్న అర్థంలో బ్యానర్ కట్టాడు.

అంతకు కొన్ని నెలల ముందు, 2001 నవంబరులో అంతర్జాతీయ రగ్బీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. దేశం తరఫున ఆడని మనిషిని అందులో చేర్చడం అదే మొదటిసారి. బ్రిటన్ ప్రభుత్వ బిరుదులు కూడా వచ్చాయి, ఎంబీఈ, ఓబీఈ, సీబీఈ. 2010 జనవరి 19న హాయిక్‌లోనే పోయాడు, 86 ఏళ్లు. 'హాయిక్ బయట గడిపిన రోజు వృథా అయిన రోజు' అనేవాడు. అన్ని దేశాలు తిరిగినా ఇల్లు మాత్రం మారలేదు.

డ్రిల్‌మాస్టారు

హైదరాబాద్ పేరుతో ఈమధ్య ఒక రగ్బీ జట్టు వచ్చిందని పేపర్లో చదివాను. అది ఈ ఆటేనా?

కోడిగుడ్డు_బంతి

అవును సార్, 2025లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ ఆడారు. అయితే అది ఏడుగురి ఆట, సెవెన్స్. మ్యాచ్ చాలా చిన్నది. ఆ పద్ధతి పుట్టింది కూడా 1883లో మెల్రోస్‌లో, బిల్ వాళ్ల హాయిక్‌కు దగ్గర ఊరే. తెలుగులో కామెంటరీ చెప్పేవాడు ఇంకా తయారుకావాలి. ఒంగోలు అన్నా, వింటున్నారా?

ఒంగోలు_మైకు

ముందు కబడ్డీ సరిగ్గా చెప్పనివ్వండి తమ్ముడూ.

ఒంగోలు_మైకు

సంక్రాంతి అయ్యాక రాస్తున్నాను. రెండు నెలలైంది ఈ చర్చ ఆగి, మళ్లీ పైకి తెచ్చినందుకు ఏమీ అనుకోకండి.

ఈసారి పోటీలకు పదహారు జట్లు. మా అమ్మాయి పాత పెళ్లి శుభలేఖలు కత్తిరించి చీటీలు చేసిపెట్టింది. ఒక పక్క నంబరు, ఇంకో పక్క పేరు, ఊరు. భోగి ముందు రోజు దగ్గరి ఊళ్ల జట్లు ప్రాక్టీసు చేసే చోటికి బండి మీద వెళ్లాను. బిళ్లలు కూడా తీసుకెళ్లాను, జీడీలు. పిల్లలు మొదట ఎందుకొచ్చాడా అని చూశారు, తర్వాత వాళ్లే పేర్లు చెప్పారు. ఒక జట్టులో ఒకే పేరున్నవాళ్లు ముగ్గురు. నడక చూసి గుర్తుపెట్టుకున్నాను. ఒకడు కూతకు వెళ్లేముందు ఎడమ కాలు నేలకు రెండుసార్లు తడతాడు.

మొదటి రోజు రాత్రి దాకా పేరు తప్పు పోలేదు. రెండో రోజు మార్పు ఆటగాడు వచ్చినప్పుడు ఒకసారి తడబడ్డాను, వెంటనే సరిచేసి మైకులోనే మళ్లీ చెప్పాను. మార్పు ఆటగాళ్లకు వేరే రంగు చీటీ పెట్టాలి. దసరాకు వచ్చిన ఆ కుర్రాడు ఈసారీ ఆడాడు. వాళ్ల జట్టు సెమీస్‌లో పోయింది. అతని పేరు పద్దెనిమిదిసార్లు చెప్పానని మా అమ్మాయి లెక్కపెట్టింది. నాన్న వచ్చాడో లేదో నాకు కనపడలేదు.

ఇప్పుడు శివరాత్రి తిరునాళ్లకు బండలాగుడు. పెద్ద కాగితం అక్కడ వాడదామని ఉంది. ఏమేం రాసుకోవాలి?

డ్రిల్‌మాస్టారు

పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్స్, ఇలా ఎడ్ల వయసును బట్టి పెట్టే ఒక్కో విభాగానికి ఒక్కో రంగు సిరా వాడు నాయనా. ఎడ్ల యజమాని పేరు, ఊరు అందరూ రాస్తారు. తోలేవాడి పేరు కూడా రాసుకో, అది ఎవరూ చెప్పరు. ఎద్దుల పేర్లు అడిగి రాసుకో. పోయినసారి ఎన్ని అడుగులు లాగాయో పక్కనే ఉంచుకో.

ఒంగోలు_మైకు

తోలేవాడి పేరు. నిజమే సార్, పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు. రాసుకుంటున్నాను.